మన అచ్చక్షరములు – మన అలక్ష్యము

తెలుగు కుటుంబముల పెండ్లికి తెలుగు శుభలేఖ లేకపోవుట మన ప్రాంతమున నేడు ఎవరికిని వింతగా తోచుట లేదు. ఒట్టన్‌చత్రము, పళని, దిండిగల్లు, ఉడుమలపేట, పొల్లాచి, కోయంబత్తూరు, మధుర – ఎచ్చట చూచినను ఇదే తీరు. ఇంటిలోని మాట తెలుగు, పందిటిలోని పాట తెలుగు, పెద్దల దీవెన తెలుగు. కాగితముపైకి వచ్చునప్పటికి సమస్తమును తమిళమో, ఇంగ్లీషో అగుచున్నది. ఎవరైన పట్టుదలతో తెలుగున వేయించిన నాలుగు శుభలేఖలలోనైనను అక్షరము తిన్నగా నుండుట అరుదు. ఒత్తులు అక్షరము క్రిందనుండి ఊడి ప్రక్కకు వచ్చి నిలుచును. పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిని పొడుచును. "కథ" "కధ" యగును. ఇదేమని అడిగినచో, "ఎవరు చదువుదురు గనుక?" అని సమాధానము వచ్చును.

ఈ సమాధానమును మేము అంగీకరింపజాలము. చదువువారు లేరు గనుక అక్షరము చెడినను ఫరవాలేదనుట, అక్షరమును చెడగొట్టి చదువువారిని లేకుండ చేయుటయే. మన సంఘములలో ఈ విషయమై మూడు వాదములు వినబడుచున్నవి. తెలుగు అక్షరము ఆంధ్రదేశమువారిది, మనకు మాట చాలునని ఒకటి. తెలుగు మాటను తమిళ లిపిలోనో, ఇంగ్లీషు లిపిలోనో వ్రాసికొనిన సరిపోవునని రెండవది. తెలుగున అచ్చువేసినను అక్షరము ఏ రూపున నున్ననేమి, చదువ వచ్చిన చాలునని మూడవది. ఈ మూడును పొరపాటని నిరూపించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదటి వాదము చరిత్ర తెలియని వాదము. తెలుగు అచ్చక్షరము పుట్టిన కథను విచారించినచో, అది ఆంధ్రదేశమున గాక మనమున్న ఈ దక్షిణదేశముతోడనే ఎక్కువగా ముడిపడియున్నదని తేలును. బెంజమిన్ షుల్ట్జ్ అను జర్మను మతబోధకుడు మద్రాసున ఉండి తెలుగు నేర్చెను. 1743లో స్వదేశమునకు మరలి, హాలే నగరమున తెలుగు అక్షరములను పోత పోయించి, 1746, 1747 సంవత్సరములలో చిన్న మతగ్రంథములను అచ్చువేయించెను. తెలుగు అక్షరము సీసములోనికి దిగిన తొలి ఘట్టమిది. అక్షరములు పోసినది జర్మనీలోనైనను, ఆ తెలుగు మద్రాసు వీధులలో నేర్చిన తెలుగే.

తరువాతి ఘట్టము వంగదేశమున జరిగినది. శ్రీరామపురమున విలియం కేరీ స్థాపించిన ముద్రణశాలలో పంచానన కర్మకారుడును, అతని అల్లుడు మనోహరుడును అనేక దేశభాషలకు అచ్చులు చెక్కిరి. 1812 మార్చిలో ఆ ముద్రణశాల అగ్నికి ఆహుతియై, పోసిన అక్షరములు కరిగి సీసపు ముద్దలైనవి. కాని ఉక్కు పంచులును, అచ్చుగుంటలును మిగిలియుండుటచే మరల పోత పోసిరి. 1814లో కేరీ తెలుగు వ్యాకరణము వెలువడినది.

సరిగా ఆ దినములలోనే మద్రాసున ఫోర్టు సెయింటు జార్జి కళాశాల 1812లో ఏర్పడినది. ఆ కళాశాల ముద్రణశాలనుండి 1816లో కేంబెల్ దొర రచించిన తెలుగు వ్యాకరణము వచ్చినది. తమిళ, తెలుగు, కన్నడములు ఒక్క కుటుంబపు భాషలని ఎల్లిస్ దొర ప్రతిపాదించిన సుప్రసిద్ధమైన వ్యాసము అచ్చయినది ఆ గ్రంథపు పీఠికలోనే. వేపేరిలోని మిషను ముద్రణశాలకు మూలము 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొన్నప్పుడు తెచ్చిన ప్రెస్సు. సి. పి. బ్రౌను నిఘంటువు 1852లో వెలువడినదియు మద్రాసునుండియే. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణము వెలువడినదియు మద్రాసుననే. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు ముద్రణశాల నెలకొల్పినదియు అక్కడనే. ఆయన కుమారుడు వేంకటేశ్వరశాస్త్రులవారి కాలమున వావిళ్లవారి పుస్తకము లేని తెలుగు పండితుని ఇల్లు లేదనిన అతిశయోక్తి కాదు. తంజావూరు ఆస్థానమున వర్ధిల్లిన ముద్దుపళని కావ్యమును బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా 1910లో అచ్చువేసి, ప్రభుత్వ నిషేధమునకు గురియైనది ఆ సంస్థయే. ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914లో మద్రాసున ప్రారంభమైనది. చందమామ 1947 జులైలో తెలుగునను తమిళమునను ఒక్కమారే మద్రాసునుండి వెలువడి, రెండు లిపుల పిల్లలకును ఒక్క కథను ఒక్క బొమ్మలతో చెప్పినది.

దీనినిబట్టి తేలునదేమి? సుమారు నూటయేబది సంవత్సరములు తెలుగు అచ్చక్షరమునకు రాజధాని చెన్నపట్నము. గోదావరి తీరమునను కృష్ణాతీరమునను పిల్లలు చదివిన పుస్తకములలో ఎన్నో ఈ పట్టణమునుండి బండ్లపైనను రైళ్లపైనను పోయినవే. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన తరువాతనే ప్రచురణ క్రమముగా విజయవాడకును, హైదరాబాదుకును తరలినది. అచ్చునకు పూర్వపు సంగతి చూచినను ఇంతే. మధుర నాయకుల కాలమున సముఖము వేంకటకృష్ణప్పనాయకుడు జైమినిభారతమును తెలుగు వచనమున రచించెను. తంజావూరు సరస్వతీమహలులో తెలుగు తాళపత్రములు నేటికిని భద్రముగ నున్నవి. ఆ ఆకులపై గంటముతో గుండ్రముగ తిరిగిన చేతివ్రాతయే తరువాత సీసపు అక్షరమునకు ఒజ్జబంతి యైనది. కనుక తెలుగు అక్షరము తమది కాదను మనవాడు, తన తాత కట్టించిన ఇంటిముందు నిలిచి, ఇది ఎవరి ఇల్లని దారిన పోవువానిని అడుగుచున్నట్లే.

ఇక రెండవ వాదము. తమిళముపై మాకు ద్వేషము లేదు. అది మన ఊరి భాష, మన బడి భాష, మన వ్యాపారపు భాష. 2006 నాటి చట్టముచే బడులన్నిటను తమిళము అనివార్యమైనది. మన పిల్లలు దానిని శ్రద్ధగా చదువవలసినదే. తమిళ లిపి తమిళమునకు చక్కగ అమరిన లిపి. వర్గములోని నాలుగు హల్లులకు ఒక్క అక్షరముతో పనిగడచుట ఆ భాషయొక్క ధ్వనిధర్మమునకు సరిపోయినది. కాని ఆ చొక్కా తెలుగునకు తొడిగినచో కుట్లు విడిపోవును. "ఫలము", "బలము" అను రెండు మాటలును తమిళ లిపిలో ఒక్కటే యగును. "గడప"యు "కడప"యు ఒక్కటే. "దాత"యు "తాత"యు ఒక్కటే. మన సత్రమునకు విరాళ మిచ్చినవారి పేర్ల పలకపై ఈ కడపటి రెండు మాటలకు భేదము లేనిచో ఫలిత మేమగునో చదువరులే ఊహింపవచ్చును.

సంగీత విద్వాంసులు ఈ చిక్కును చక్కగ నెరుగుదురు. త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలను తమిళ లిపిలో అచ్చువేయు పుస్తకములలో క, ఖ, గ, ఘ భేదము తెలుపుటకు ఒక్క అక్షరము ప్రక్కన 2, 3, 4 అని చిన్న అంకెలను చేర్చుట పరిపాటి. తెలుగు రాని గాయకునకు అది మేలే. కాని పుట్టుకతో తెలుగు పలుకు మనమును మన మాటను అంకెలు తగిలించి చదువుకొనవలసిన గతి పట్టుట గౌరవమా? ఇంగ్లీషు లిపి సంగతి చెప్పనక్కరలేదు. ఫోనులలో పిల్లలు వ్రాసికొను తెలుగున "ట"కును "త"కును భేదము లేదు. "న"కును "ణ"కును లేదు. "ల"కును "ళ"కును లేదు. పలుకుటలో భేదమున్నను వ్రాతలో లేకపోయినచో, రెండు తరములలో పలుకుటలోను పోవును. తాత మాటను మనుమడు చెవితో మాత్రమే గాక కంటితోను అందుకొనవలెను.

మూడవ వాదము మేధావులలోను కలదు. అక్షరరూపము కేవలము అలంకారమని వారి తలంపు. లోకమున అక్షరశిల్పమునకు ఎంత విలువ నిచ్చిరో వారు గమనింపలేదు. ఇంగ్లండున కాస్లన్ చెక్కిన అక్షరములతోనే 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తొలి ప్రతి అచ్చయినది. బర్మింగుహాములో బాస్కర్విల్ 1757లో వర్జిలు కావ్యమును అచ్చువేయుటకు అక్షరములనే గాక, సిరాను కాగితమును కూడ తానే సంస్కరించుకొనెను. పార్మా నగరమున బొడోని ఆయుష్షంతయు అక్షరములు చెక్కి, అక్షరపట్టిక పూర్తిగా అచ్చు కాకమునుపే 1813లో మరణింపగా, ఆయన భార్య దానిని 1818లో పూర్తిచేసి లోకమున కిచ్చినది. లండను టైమ్స్ పత్రిక 1932లో తన కొరకై క్రొత్త అక్షరమును తీర్పించుకొనినది. నేడు ప్రపంచమంతట ఆఫీసు కాగితములలో కనబడు టైమ్స్ న్యూ రోమన్ అదియే. వీరందరును అలంకారప్రియులా? కాదు. కన్ను అలయక, అర్థము తప్పక చదువబడుటకే వారు శ్రమించిరి.

అంత దూరము పోనేల, మన పొరుగువారిని చూడుడు. 1862లో విన్స్లో తమిళ నిఘంటువును మద్రాసున అచ్చువేసిన హంటు, అంతకుముందున్న మొరటు తమిళ అక్షరములను వదలి చిన్నవియు సొగసైనవియు నగు అక్షరములను సిద్ధపరచెను. పెరియారు 1935లో తన పత్రికలో తమిళ అక్షరములు కొన్నింటిని సంస్కరించి వాడనారంభింపగా, 1978లో తమిళనాడు ప్రభుత్వము ఆ మార్పులను ఆమోదించినది. ఆ సంస్కరణ మంచిదా కాదా యను చర్చ వేరు. అక్షరరూపము ప్రజల సొత్తనియు, దానిని గూర్చి ఆలోచించుట నాయకుల పనియనియు వారు గుర్తించిరి. మన సంఘముల సర్వసభ్య సమావేశములలో భోజనపు పట్టికను గూర్చి గంటసేపు చర్చ జరుగును. సంచిక ఏ అక్షరమున అచ్చు కావలెనని అడిగిన సభ్యుని మేము చూడలేదు.

తెలుగు అక్షరమునకు ప్రత్యేకమైన స్వభావ మున్నది. రోమను అక్షరములు ఒక గీతపై వరుసగా నిలుచును. తెలుగు అక్షరము నాలుగు దిక్కులకును పెరుగును. తలకట్టు, గుడి, ఏత్వము పైకి పోవును. కొమ్ము ప్రక్కకు పోవును. ఒత్తు క్రిందికి దిగును. "స్త్రీ" అను ఒక్క అక్షరములో మూడు హల్లులు, ఒక గుడి దీర్ఘము ఇమడవలెను. సీసపు అక్షరముల కాలమున కంపోజిటరు ముందు వందలకొలది గూళ్లు కల పెట్టె యుండుటకు కారణ మిదియే. చేయి తిరిగిన కంపోజిటరు ఆ గూళ్లను చూడకయే వ్రేళ్లతో అక్షరములను ఏరుచుండెడివాడు. పంక్తికి పంక్తికి మధ్య సీసపు రేకును చాలినంత పెట్టనిచో ఒత్తులు విరుగును. మంచి ముద్రాపకుడు కాగితము ఖర్చునకు వెనుదీయక ఆ ఎడమును ఇచ్చెడివాడు. వావిళ్లవారి పుటలు నేటికిని కన్నులకు చల్లగ నుండుటకు ఆ ఎడముకూడ ఒక హేతువు.

మరియు తెలుగు అక్షరములలో భేదము సూక్ష్మమైనది. "ద"కు క్రింద చిన్న గీత చేరిన "ధ". దాని కడుపులో చుక్క చేరిన "థ". అక్షరము మరీ సన్నదియైనను, మరీ లావైనను ఆ చుక్క సిరాలో మునిగిపోవును. "కథ" "కధ"గా మారుటకు సగము కారణము చెడ్డ అచ్చే. పిల్లవాడు చూచినదే నేర్చును, నేర్చినదే వ్రాయును. "ప"కును "వ"కును, "మ"కును "య"కును, "ఘ"కును "ఝ"కును గల భేదములును ఇట్టివే. తలకట్టు రూపమువలననే తెలుగు పుట కన్నడపు పుటనుండి చూడగనే వేరుగ తోచును. ఒక్క తల్లి బిడ్డలైన ఆ రెండు లిపులను వేరు రూపములలో స్థిరపరచుటలో అచ్చునకు పెద్ద పాలు కలదు. ఇట్టి అక్షరమును "ఏ రూపున నున్ననేమి" అనువాడు, తూకపురాయి ఏ బరువున నున్ననేమి అను వర్తకునివంటివాడు. ఒట్టన్‌చత్రము కూరగాయల మార్కెట్టులో అట్టి వర్తకుని ఎవరైన నమ్ముదురా?

"అచ్చువేయుటకు సౌకర్యము లేదు" అను సాకు నేడు చెల్లదు. పూర్వము చెల్లినది. దిండిగల్లులోనో, పళనిలోనో తెలుగు అక్షరముల పెట్టెను ఉంచుకొనుట చిన్న ప్రెస్సునకు గిట్టుబాటు కానిది. కంప్యూటరు వచ్చిన తొలిదినములలోను ఒక ఫాంటులో టైపుచేసినది మరియొక ఫాంటులో గజిబిజియై కనబడెడిది. కాని 1991లో యూనికోడు ప్రమాణము తెలుగు అక్షరములకు లోకమంతటను ఒక్కటియైన సంకేతములను ఏర్పరచినది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి అను ఫాంటు ఇంటింటికి వచ్చినది. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన పేర్లతో ఫాంట్లను తయారుచేసి ఉచితముగ నిచ్చిరి. తరువాత పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ అను పేర్లతో ఎన్నో ఫాంట్లు ఎవరైనను రుసుము లేక వాడుకొనుటకు వీలుగ వెలువడినవి. 2015లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారి ముద్రణసంస్థ మూర్తి గ్రంథమాలలో పెద్దన మనుచరిత్రమును ప్రకటించినప్పుడు, ఆ గ్రంథమాలకై ప్రత్యేకముగ తెలుగు అక్షరమునే తీర్పించినది. విదేశమున ఒక తెలుగు కావ్యమునకై అక్షరమును తీర్పించుకొనుచుండగా, మన సంచికకు చేతికందిన ఫాంటును తగిలించుట మన ఘనతా?

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. యంత్రము మనకై తానే జాగ్రత్త పడునని తలపరాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అను ఒక్క తెలుగు కూర్పు ఒకానొక రీతిని టైపుచేయబడి పంపబడగా ఐఫోనులు స్తంభించిపోయినవి. జ్ఞానమను మాటకు మొదటి అక్షరమే అట్లు చేయుట గమనింపదగినది. ఆ సంస్థ కొద్దిదినములలోనే దానిని సరిచేసినది. కోట్లమంది వాడు భాషకే అట్లు జరిగినప్పుడు, అడుగువాడు లేని చిన్న ఊరి తెలుగును ఎవరు సరిచూతురు? 2011 జనగణనలో తమిళనాడున తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడిరి. ఇంతమంది ఉండియు, తప్పచ్చు పడిన శుభలేఖను వెనుకకు త్రిప్పి పంపువారు ఎందరు?

మధురలోని సౌరాష్ట్ర సోదరుల చరిత్ర మనకు పాఠము కాదగినది. టి. ఎం. రామరాయ్‌గారు పందొమ్మిదవ శతాబ్ది చివరను, ఇరువదవ శతాబ్ది మొదటను సౌరాష్ట్ర లిపికి అచ్చులు పోయించి, పాఠ్యపుస్తకములను ప్రకటించిరి. ఒక చిన్న సమాజము తన అక్షరమునకై పడిన శ్రమకు మేము నమస్కరించుచున్నాము. 2008లో ఆ లిపి యూనికోడులోను చేరినది. అయినను నేడు ఆ భాష మాటలాడువారిలో అధికులు తమిళ లిపినే వాడుచున్నారు. అక్షరము పోత పోసినను, యంత్రములో చేర్చినను చాలదు; ఇంటిలో అది నిత్యము కంటబడవలెను. వారికి లిపిని నిలుపుటకు వెనుక రాష్ట్రము లేదు, దినపత్రిక లేదు. మనకు రెండు రాష్ట్రములును, వందల పత్రికలును, వేల పుస్తకములును వెన్నుదన్నుగ నున్నవి. వారికున్న కష్టము మనకు లేదు గనుక వారికి చెల్లిన సాకు మనకు చెల్లదు.

కావున మన కుటుంబములకును, మన సంఘములకును మేము కొన్ని మాటలు నిర్మొగమాటముగ చెప్పుచున్నాము. పెండ్లి శుభలేఖలో ఒక పుట తెలుగున నుండవలెను. రెండవ పుట తమిళమున నుండవచ్చును. అచ్చునకు పోవుటకు ముందు ఆ పుటను తెలుగు చదువ నేర్చినవారు ఒకరు కన్నుపెట్టి దిద్దవలెను. ఊరిలో అట్టివారు లేనిచో ఫోనులో ఫోటో తీసి బంధువులకు పంపిన దిద్ది పంపుదురు. సంఘపు సంచికకు పాఠమునకొక ఫాంటును, శీర్షికలకొక ఫాంటును ముందే నిర్ణయించి, ఏటేట దానినే వాడవలెను. రామభద్రవంటి లావుపాటి అక్షరము శీర్షికకు తగును. పుటనిండ పరచినచో కన్నులు నొచ్చును. పంక్తుల మధ్య ఎడము తగ్గించి పుటలు మిగుల్చుకొనుట మాని, అవసరమైనచో ప్రకటనలను ఒకటి రెండు తగ్గించుకొనవలెను. పిల్లలకు అక్షరము నేర్పునప్పుడు పెద్ద పరిమాణమున, చుక్కయు గీతయు స్పష్టముగ కనబడు అక్షరముతో అట్టలు వేయించి ఇంటిగోడకు తగిలింపవలెను. అటకలపైనున్న పాత వావిళ్ల పుస్తకములను, చందమామలను చిత్తుకాగితముల వానికి అమ్మక సంఘమునకు అప్పగింపవలెను.

ఇవి ధనవ్యయముతో కూడిన పనులు కావు. పందిటి పూలకగు ఖర్చులో శతాంశము చాలును. కావలసినది పట్టుదల. "మా వాడు తెలుగు మాటలాడును గాని చదువలేడు" అని మన పెద్దలు కొందరు నవ్వుచు చెప్పుచుందురు. అది నవ్వవలసిన మాట కాదు. ఆ పిల్లవాని తాతల పేర్లు తాళపత్రముపైనను, తామ్రముపైనను, సీసముతోను వ్రాయబడిన లిపి అది. ఆ పేర్లను వాడు చదువుకొనలేడని దాని అర్థము. రాబోవు పెండ్లిళ్ల ముహూర్తములకు శుభలేఖలు వేయింపబోవు ప్రతి యింటివారును, తమ యింటి పేరును మొట్టమొదట తెలుగు అక్షరములలో, ఒత్తు తప్పక, దీర్ఘము పోక అచ్చువేయింతురు గాక యని కోరుచున్నాము.